బోల్టు బిగుసుకుంది... ఎవరూ మాట్లాడొద్దు!

రైఫిలు మొరాయించిందంటే చుట్టూ ఉన్నవాళ్లంతా నిపుణులైపోతారు. గుంజమని ఒకరు, కొట్టమని ఒకరు, నూనె పొయ్యమని మరొకరు. ఒకప్పుడు అలాంటి సలహా ఒకటి నేనూ ఇచ్చాను. అది ఎంతదూరం తెచ్చిందో తలచుకుంటే ఇప్పటికీ అరచేతులు చెమర్చుతాయి.

2008 చలికాలం. పొద్దున ఏడున్నర. గుట్ట వారన ఎర్రజెండా పాతిన ఫైరింగ్ రేంజి. నేలమీద వరసగా పరిచిన జంపఖానాలు. వాటిమీద బోర్లా పడుకున్న ఎన్‌సీసీ కేడెట్లు. పాతిక గజాల దూరంలో టార్గెట్లు. మనిషికి ఐదు తూటాలు. వెనకాల మా 'డిటైల్'... అంటే తర్వాతి వంతు కోసం ఎదురుచూస్తున్న బ్యాచి. చలికి చేతులు చంకల్లో పెట్టుకుని, ముందువాళ్లు కాలుస్తుంటే మార్కులు వేస్తూ నిలబడ్డాం.

ఎడమనుంచి మూడో జంపఖానా మీద మా నారాయణపేట దోస్తు. నేతపనివాళ్ల ఇంటి పిల్లాడు. రెండు తూటాలు బాగానే పేల్చాడు. మూడోదానికి బోల్టు సగంలో ఆగింది. అరచేత్తో ఒక్కటిచ్చాడు. కిందికి దిగింది. ట్రిగ్గర్ నొక్కితే 'టిక్' అంది తప్ప పేలలేదు. పోనీ తెరుద్దామంటే బోల్టు కదల్లేదు.

అంతే... వెనకనుంచి సలహాల వాన.

“గుంజురా, గట్టిగ గుంజు!”

“రాయితోని ఒక్కటియ్యి!”

నేనేమన్నానో నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. “గట్ల గాదు, ఇటు తిప్పు... నేను జూస్త!”

తిప్పాడు. పాపం, దోస్తు మాట కదా. పడుకున్నవాడు పడుకున్నట్టే ఎడమపక్కకు ఒత్తిగిలి నావైపు తిరిగాడు. చేతిలోని రైఫిలూ వాడితోపాటే తిరిగింది. దాని మూతి రెండో జంపఖానాను, ఒకటో జంపఖానాను దాటుకుంటూ మా గుంపువైపు వస్తోంది. అది మా దాకా రాకముందే ఉస్తాద్ ఒక్క అంగలో దూకి గొట్టం పట్టుకుని మట్టికి అదిమేశాడు. రేంజి మొత్తం చప్పుడు లేదు.

ఆ తర్వాత ఆయన చేసిన పనిలో తొందరేమీ లేదు. రైఫిలు మూతిని టార్గెట్ల వైపు తిప్పాడు. మ్యాగజైన్ తీశాడు. అలాగే ఆగాడు. అరనిమిషమే కావచ్చు, మాకు గంటలా తోచింది. అప్పుడు మొహం పక్కకు పెట్టి, బోల్టు పిడిని మెల్లగా పైకి లేపుతూ వెనక్కి లాగాడు. తూటా బయటపడింది. ఖాళీ డొల్ల కాదు, నిండు తూటా! అంచుమీద పిన్ను కొట్టిన నొక్కు మాత్రం ఉంది. పేలాల్సిందే... పేలలేదు.

ఆరోజు శిక్ష దోస్తుకు పడలేదు. నాకు పడింది. రైఫిలు రెండు చేతులతో తలపైకి ఎత్తుకుని రేంజి చుట్టూ పరుగు. వాడి చెయ్యి తప్పు చేసిందంటే నేర్చుకుంటున్నాడు కాబట్టి, నీ నోటికేం పనిరా... ఉస్తాద్ హిందీ తిట్లలో మర్యాదగా రాయగలిగిన సారాంశం ఇదొక్కటే.

ఇనప గడియ

బోల్టంటే మరేమీ కాదు, గడియ. తలుపుకు వేసే గడియ ఎలా పనిచేస్తుందో ఇదీ దాదాపు అంతే. పిడి పైకి లేపితే తాళం వీడుతుంది. వెనక్కి లాగితే దాని ముందున్న కొక్కెం... దాన్నే ఎక్స్‌ట్రాక్టర్ అంటారు... పేలిన తూటా డొల్లను అంచుపట్టి బయటికి ఈడ్చుకొస్తుంది. ముందుకు తోస్తే మ్యాగజైన్‌లోంచి కొత్త తూటాను చాంబర్లోకి నెడుతుంది. పిడి కిందికి దించితే గడియ పడుతుంది. తూటా పేలినప్పుడు పుట్టే ఒత్తిడంతా కాల్చేవాడి మొహం మీదికి రాకుండా ఆపేది ఈ గడియే.

మన పోలీసుల భుజాలమీద దశాబ్దాలపాటు వేలాడిన త్రీనాట్‌త్రీ ఈ జాతిలో పెద్దన్న. 1895లో బ్రిటిష్ సైన్యంలో చేరిన లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిలు వంశం అది. బోల్టు రూపకర్త జేమ్స్ పారిస్ లీ స్కాట్లాండ్‌లో గడియారాల పనివాళ్ల ఇంట్లో పుట్టాడు. బెంగాల్‌లోని ఈశాపూర్ ఫ్యాక్టరీలో ఇవి లెక్కలేనన్ని తయారయ్యాయి. ఉత్తరప్రదేశ్ పోలీసులైతే 2020 రిపబ్లిక్ డే పరేడ్‌తోగానీ దానికి వీడ్కోలు చెప్పలేదు. సాయుధ పోరాటం కథలు వింటూ పెరిగిన నల్గొండ పల్లెల్లో బర్మారు, త్రీనాట్‌త్రీ అన్న మాటలు తెలియని ముసలివాళ్లు అరుదు.

కేడెట్ల చేతికిచ్చే పాయింట్ టూటూ రైఫిలు దానికి చిన్న తమ్ముడు. పొడవు 43 అంగుళాలు, బరువు 6 పౌండ్ల 2 ఔన్సులు... 'బి' సర్టిఫికెట్ పరీక్ష కోసం బట్టీపట్టిన ఈ అంకెలు ఇప్పటికీ నిద్రలో లేపి అడిగినా చెబుతాను. బోల్టు ఎందుకు బిగుసుకుంటుందో మాత్రం ఆ నోట్సులో ఉన్నట్టు గుర్తులేదు.

మా దోస్తు రైఫిలుకు ఏమైంది? పాయింట్ టూటూ తూటా సీసం గుండుకు మైనం లాంటి పూత ఉంటుంది. పేలినకొద్దీ మసి, సీసం పొడి, ఆ మైనం కలిసి చాంబర్ గోడలకు పేరుకుంటాయి. సరిగ్గా తుడవకపోతే కొత్త తూటా చివరిదాకా దూరదు. అరచేత్తో కొడితే బోల్టు దిగుతుంది కానీ తూటా ఇంకా వెంట్రుకవాసి బయటే ఉంటుంది. పిన్ను కొట్టిన దెబ్బలో సగం తూటాను లోపలికి నెట్టడానికే ఖర్చయిపోతుంది. పేలే మందు ఈ తూటాకు అంచులోనే ఉంటుంది. అది నలగాల్సినంత నలగదు. అందుకే 'టిక్'. అయితే అలా కొట్టిన తూటా కాస్త ఆలస్యంగా పేలే ప్రమాదమూ ఉంది. ఉస్తాద్ అరనిమిషం ఆగింది అందుకే. ఆ అరనిమిషంలోనే నేను దాన్ని మావైపు తిప్పించాను.

త్రీనాట్‌త్రీకి మరో జబ్బు. దాని తూటాకు అడుగున బయటికి పొడుచుకొచ్చిన అంచు ఉంటుంది. మ్యాగజైన్ నింపేటప్పుడు పై తూటా అంచు కింది తూటా అంచుకు ముందుండాలి. వెనక పడిందా, రెండూ కొక్కెం వేసుకుంటాయి. బోల్టు ముందుకు కదలదు. ఎంత బలంగా తోస్తే అంత బిగుస్తుంది. మ్యాగజైన్ తీసి తూటాలు సరిగ్గా పేరిస్తే నిమిషంలో పోయే జబ్బు ఇది. ఇక కొత్తవాళ్లు 'బిగుసుకుంది సార్' అని గగ్గోలుపెట్టే కేసుల్లో కొన్నింటికి జబ్బే ఉండదు. సేఫ్టీ క్యాచ్ వేసి ఉంటుంది. లీ-ఎన్‌ఫీల్డ్‌లో అది ట్రిగ్గర్‌తోపాటు బోల్టునూ కట్టేస్తుంది.

నూనె సంగతి వేరే చెప్పాలి. మనవాళ్లకు ఇనుము కనిపిస్తే నూనె పొయ్యాలనిపిస్తుంది. ఎర్రచెలక దుమ్ములో నూనె కారుతున్న బోల్టు తిప్పడమంటే ఇసుకలో తడి ముద్దను దొర్లించడమే. అందులోనూ చేతికందిందని కొబ్బరినూనె రాసేవాళ్లున్నారు. చలికాలం తెల్లవారుజామున సీసాలో గడ్డకట్టే నూనె బోల్టు సందుల్లో మాత్రం పల్చగా ఉంటుందా? గొట్టంలో పుల్‌త్రూ లాగి, చాంబర్‌నూ బోల్టునూ పొడి చిందీతో తుడిచి, ఆపై నూనెను పేరుకు పూత పూస్తే చాలు.

'కొట్టు' అనే సలహాకు చరిత్ర

బిగుసుకున్న బోల్టును బూటుకాలితో తన్నడం మా బ్యాచి కనిపెట్టిన విద్యేమీ కాదు. 1915 ఏప్రిల్‌లో బెల్జియంలోని ఈప్రె దగ్గర కెనడా సైనికులు చేసిందదే. విషవాయువు కమ్ముకొస్తుంటే, జర్మన్లు మీదికొస్తుంటే, చేతిలోని రాస్ రైఫిళ్ల బోల్టులు తెరుచుకోలేదు. బూట్లతో తన్నారు, మట్టి తవ్వే పారలతో బాదారు. బతికి బయటపడ్డ దాదాపు 5 వేల మందిలో 14 వందల మందికి పైగా ఆ రైఫిళ్లు పారేసి, చనిపోయిన బ్రిటిష్ సైనికుల లీ-ఎన్‌ఫీల్డ్‌లు తీసుకున్నారట. మన లాహోర్ డివిజన్ సిపాయిలు కూడా అదే యుద్ధంలోకి ఆ నెలాఖరులో దిగారు.

రాస్ రైఫిలు చెడ్డదేం కాదు. గురిలో దానికి సాటి లేదని స్నైపర్లు చివరిదాకా వదల్లేదు. కానీ దాని చాంబర్ బిగువు. బ్రిటన్‌లో తయారైన తూటాలు అందులో సరిగ్గా ఇమడలేదు. పైగా బోల్టు వెనక్కి లాగిన ప్రతిసారీ దాని పళ్లలో ఒకటి ఒక ఇనప ముక్కకు కొట్టుకుని వంకరపోయేది. వంకరపోయిన పన్ను గాడిలో దూరదు. తన్నేకొద్దీ ఇంకా వంకర!

ఇక్కడే సలహా మర్యాద కథ తలకిందులవుతుంది. సైనికులు మొత్తుకున్నారు. కెనడా కోర్ సేనాని జనరల్ ఆల్డర్సన్ 1916లో పద్ధతి ప్రకారం పైవాళ్లకు లోపాలు రాసి పంపాడు. రక్షణ వ్యవహారాల మంత్రి సర్ శామ్ హ్యూస్‌కు మండింది. రాస్ ఆయన అభిమాన రైఫిలు మరి. తప్పు తూటాలదేనన్నాడు. ఆల్డర్సన్‌కు తుపాకుల గురించి తెలియదంటూ దెప్పుతూ ఉత్తరం రాశాడు. దాని ప్రతులను ఆ సేనాని కింద పనిచేసే అధికారులకే పంపాడు! ఆల్డర్సన్ పదవి ఆ ఏడాది మేలోనే పోయింది. రాస్ రైఫిలూ ఆ ఏడాదే యుద్ధరంగం నుంచి పోయింది. నవంబరులో హ్యూస్ మంత్రి పదవీ పోయింది. సలహా ఇచ్చినవాడు మర్యాద తప్పలేదు, తీసుకోవాల్సినవాడు తప్పాడు. మధ్యలో పోయినవాళ్లు ఈప్రె బురదలోనే ఉండిపోయారు.

ఎవరు మాట్లాడాలి?

ఫైరింగ్ రేంజిలో దీనికి సమాధానం సూటిగా ఉంటుంది. మొరాయించిన రైఫిలు చేతిలో ఉన్నవాడు వేలు ట్రిగ్గర్ మీంచి తీసెయ్యాలి, మూతిని టార్గెట్ వైపే ఉంచాలి, చెయ్యెత్తాలి. అంతే అతని పని. దగ్గరికొచ్చేది, మాట్లాడేది ఒక్కరే... ఉస్తాదో, రేంజి ఆఫీసరో. మిగతావాళ్లకు నోరు తెరిచే హక్కు ఒక్క సందర్భంలోనే ఉంది. ఎవరికైనా ప్రమాదం కనిపిస్తే, కొత్త కేడెట్ అయినా సరే, ఆపమని అరవొచ్చు. అంటే 'ఆగు' అని ఎవరైనా చెప్పొచ్చు, 'ఇలా చెయ్యి' అని మాత్రం చెప్పకూడదు. నేను చేసింది సరిగ్గా దానికి వ్యతిరేకం.

అంతర్జాతీయ పోటీల్లోనూ ఇదే తీరు. 50 మీటర్ల రైఫిలు పోటీల్లో వాడేదీ పాయింట్ టూటూ తూటానే. ఆయుధం పనిచేయకపోతే షూటర్ దాని మూతిని టార్గెట్ వైపే ఉంచి అధికారిని పిలవాలి. పక్క లేన్ షూటర్‌ను అడగడానికి వీల్లేదు. హైదరాబాద్‌లో పెరిగి 2012 లండన్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్లో కంచు పతకం తెచ్చిన గగన్ నారంగ్ లాంటివాళ్లంతా ఈ మౌనంలో పెరిగినవాళ్లే.

ఊళ్లలో మాత్రం ఈ మౌనం ఉండదు. ఎన్నికల కోడ్ రాగానే లైసెన్సు తుపాకులను పోలీస్ స్టేషన్లో డిపాజిట్ చెయ్యమంటారు. 2023 నవంబరులో శాసనసభ, 2024 మేలో లోక్‌సభ ఎన్నికలప్పుడు వెంటవెంటనే రెండుసార్లు అదే జరిగింది. ఎన్నికలయ్యాక తెచ్చుకుని చూస్తే తుప్పుపట్టో, పాత నూనె జిగురై పట్టుకునో కొన్ని మొరాయిస్తాయి. బ్యాంకు గార్డుల డబుల్ బ్యారల్‌కు ఈ బెడద తక్కువ. దానికి బోల్టే ఉండదు. అసలు చిక్కు పాయింట్ త్రీ వన్ ఫైవ్ రైఫిళ్లతోనే. సైన్యం తూటా త్రీనాట్‌త్రీ మామూలు జనానికి నిషిద్ధం కాబట్టి, అదే తరహా బోల్టుతో వేరే తూటాకు సరిపడేలా ప్రభుత్వ ఫ్యాక్టరీలు తయారుచేసిన రకం అది.

ఇక అరుగుమీద సభ మొదలు. కిరోసిన్ పొయ్యమని బావ, సుత్తితో కొట్టమని పాలోడు, కొలిమికి పట్టుకుపొమ్మని మేస్త్రీ. అందరి ఉద్దేశమూ మంచిదే. కానీ 1959 ఆయుధాల చట్టం అయిదో సెక్షన్ ప్రకారం తుపాకీ రిపేరుకూ లైసెన్సు కావాలి. కొలిమిలో సుత్తి వేసిన కమ్మరి కూడా కేసులో ఇరుక్కుంటాడు. అన్నిటికన్నా భయంకరమైన సలహా... గొట్టంలోంచి ఊచ దూర్చి పొడవమనడం. చాంబర్లో నిండు తూటా ఉంటే ఆ ఊచ పట్టుకున్న చెయ్యి తుపాకీ మూతి ముందే ఉంటుంది.

'మావాడి రైఫిలు బోల్టు తెచ్చి వేసుకో' అనే సలహా చూడ్డానికి ఎంత ముచ్చటగా ఉంటుందో! కానీ త్రీనాట్‌త్రీ బోల్టు పిడిమీద ఒక నంబరు చెక్కి ఉంటుంది. రైఫిలు ఒంటిమీదా అదే నంబరు. రెంటినీ ఒకదానికొకటి సరిపెట్టి పంపుతారు. వేరేవాళ్ల బోల్టు దూరుతుంది, తిరుగుతుంది కూడా. గడియ మాత్రం ఉండాల్సినంత బిగువుగా పడకపోవచ్చు. ఆ తేడా కంటికి కనిపించదు, కొలిచే పరికరాలుండాలి. అందుకే పోలీసు శాఖలో ఆర్మరర్ అని ప్రత్యేకంగా ఒక ఉద్యోగం. మామూలు కానిస్టేబుల్ తుడుచుకోవచ్చు, నూనె రాసుకోవచ్చు. అంతకుమించితే ఆర్మరర్ దగ్గరికే.

“చెప్పనా అన్నా?”

ఈ మర్యాద నాకు రేంజిలో శిక్షపడితేగానీ తెలియలేదు. మా దోస్తుకు మాత్రం ఇంట్లోనే తెలిసి ఉండాలి. వాళ్లది గుంటమగ్గం. నారాయణపేట చీరలకు ఒకేసారి ఎనిమిది చీరల పడుగు ఎక్కిస్తారు. నాడె మధ్యలో ఇరుక్కున్నప్పుడు తెలియనివాడు గుంజితే పదుల పోగులు తెగుతాయి. తెగిన ప్రతి పోగునూ వెతికి ముడెయ్యాలి. ఆ పూట కూలి అక్కడే పోతుంది.

చిన్నప్పుడు ఒకసారి వాళ్ల నాయిన మగ్గంలో నాడె ఆగితే నేను చెయ్యి పెట్టబోయాను. కాక నా మణికట్టు పట్టుకున్నాడు, తిట్టలేదు. పక్కింటి ఆయన వచ్చాడు. ఆయనా మగ్గం ముట్టలేదు. గుంట అంచున కూచుని, చాలాసేపు చూసి, “చెప్పనా అన్నా?” అని అడిగాడు. కాక తలూపాకే నోరు విప్పాడు. ఎక్కడో ఒక పోగు వదులైందన్నాడు. సరిచేసింది మాత్రం కాకే. ఆయన చెయ్యి మగ్గంమీద పడనేలేదు.

అలాంటి ఇంట్లో పుట్టినవాడు ఆరోజు నా మాట విని రైఫిలు తిప్పాడు. ఎందుకు తిప్పావని చాలా ఏళ్లకు అడిగాను. “నువ్వు అడగలె గదా, చెప్పినవ్” అన్నాడు.

2019 ఫిబ్రవరిలో నారాయణపేట జిల్లా కేంద్రమైంది. ఊరు రూపు మారింది కానీ వాళ్లింట్లో మగ్గం చప్పుడు ఆగలేదు. కాక లేడు. కాక కూచున్నచోట ఇప్పుడు దోస్తు కూచుంటున్నాడు. మొన్న వెళ్లినప్పుడు నేను గుమ్మంలో ఉండగానే నాడె ఆగింది. గుంట అంచున కూచున్నాను. చేతులు ఒళ్లో పెట్టుకుని చూస్తున్నాను. వాడు కాసేపు పోగులు తడిమి, తలెత్తి నవ్వాడు.

“చెప్పవేందిరా?”

“నాకు తెల్వదు గదా.”

“గప్పుడు గూడ తెల్వకుండె” అని, పక్కింటి ఆయన కొడుకును కేకేశాడు.